మూడుకీ నాలుగుకీ మధ్య

పోయినవారం పెద్దకోడల్ని మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య వేలాడదీసి, మనం హాయిగా ఎవరిళ్ళకు వాళ్ళం పోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. లిఫ్టులు బిగించి, ఏడాది పొడుగునా వాటి మంచీచెడ్డా చూసుకునే కంపెనీ అది. పెట్టింది పెద్దాయన. పెద్దకొడుకు ఖాతాదారులతో మాట్లాడతాడు, చిన్నకొడుకు మెకానిక్కుల్ని నడుపుతాడు, పెద్దకోడలు కంపెనీ సమాచారాన్నంతా ఒక దారిలో పెడుతుంది. ఈమధ్య పళ్ళడాక్టరు బిల్డింగులో లిఫ్టు ఆగాల్సిన చోట ఆగకుండా జారిపోయింది. లోపలున్న రిటైరైన హెడ్మిస్ట్రెస్‌గారి తుంటి ఎముక విరిగింది. ఆ లిఫ్టుకి కిందటి నెలే కొత్త బ్రేకు వేశామని కంప్యూటర్ చెబుతోంది. విప్పి చూస్తే బ్రేకు అరిగి పలకలా నున్నగా ఉంది. వేసినట్టు రాసినవారి పేరు దగ్గర పెద్దకోడలి పేరుంది. ఆ పేరుగల మనిషితో మాట్లాడటానికే తనిఖీ అధికారి వచ్చి కంపెనీ బిల్డింగు నాలుగో అంతస్తులో కూర్చున్నాడు. బయల్దేరబోతున్న కోడల్ని, "ఫోను బల్ల మీద పెట్టి రామ్మా, లిఫ్టులో వెళ్దాం" అని మామగారు పిలిచాడు. తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు సగం దారి పైకి పాకింది. పెద్దాయన చొక్కా జేబులోంచి ఇత్తడి తాళంచెవి తీసి, మీటల కింద ఉన్న కన్నంలో పెట్టి తిప్పాడు.

లిఫ్టు ఆగింది.

ఇతరుల ఇళ్ళల్లో ఎవరినైనా మందలించాలంటే గదిలోకి పిలుస్తారు. ఈ ఇంట్లో లిఫ్టెక్కిస్తారు. గదికి కిటికీలుంటాయి, తలుపు వెనక ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. రెండు అంతస్తుల మధ్య ఆగిన ఇనప పెట్టెలో మాట మాత్రం బయటికి పొక్కదని పెద్దాయన నమ్మకం. పరీక్ష తప్పినప్పుడు పెద్దకొడుకుని ఇందులోనే నిలబెట్టాడు. ఖాతాదారు మీద నోరు పారేసుకున్నప్పుడు చిన్నకొడుకునీ ఇందులోనే. పెద్దకోడలి పెళ్ళి ఖాయమైంది కూడా ఇక్కడే. ఆమె తండ్రిని ఎక్కించి, తాళంచెవి తిప్పి, "ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. మీ అమ్మాయిని మావాడికి ఇవ్వడం మీకు మనస్ఫూర్తిగా ఇష్టమేనా?" అని అడిగాడట. ఆ పెద్దమనిషి ఇష్టపడి ఒప్పుకున్నాడో, కిందికి దిగితే చాలని ఒప్పుకున్నాడో ఇప్పటికీ తేలలేదు.

ఇంకొక ఆనవాయితీ కూడా ఉంది. పెద్దకొడుకు చిన్నప్పుడు తిట్లు తట్టుకోలేక ఆపదగంట నొక్కాడు. వర్క్‌షాపు మొత్తం పరిగెత్తుకొచ్చి, తలుపులు లాగి, తండ్రీకొడుకులిద్దరి పరువూ ఒకేసారి తీసింది. అప్పుడు అత్తగారు హుకుం జారీ చేసింది: ఆయన లోపల మాట్లాడుతుండగా గంట మోగితే ఎవరూ కదలకూడదు. అత్తగారు పోయి మూడేళ్ళయింది. హుకుం మాత్రం చెక్కుచెదరలేదు.

తలుపుకి నిలువునా పొడుగాటి అద్దం ఉంది. అందులో సగానికి పైగా సిమెంటు గోడే. పైన మాత్రం, ఆమె కళ్ళకు ఎదురుగా, నాలుగో అంతస్తు నేల ఒక పట్టీలా కనిపిస్తోంది. ఆ పట్టీలో బూట్లు, చెప్పులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. గోధుమరంగు బూట్లు ఆమె మొగుడివి. ఆయన పచార్లు చేస్తున్నాడంటే కంగారులో ఉన్నాడని అర్థం.

"భయపడుతున్నావా?" అన్నాడు పెద్దాయన.

"లేదు మామయ్యా." అబద్ధం.

"మంచిది. నేను భయపడుతున్నాను." ఆయన వెనక గోడకి ఆనుకున్నాడు. "పైనున్నాయన ఎంతోసేపు అడగడు. ఈ పేరు నీదేనా అంటాడు. అవునంటావు. అప్పుడు నువ్వొక మాట చెప్పాలి."

"ఏం చెప్పాలి?"

"పాతవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు రెండు బిల్డింగులు కలిసిపోయాయి, ఎక్కడో వేసిన బ్రేకు దీని కింద పడిపోయింది అని. నీ తప్పు కాదు, చిన్నాడి తప్పు కాదు, మెకానిక్కుల తప్పు కాదు. కంప్యూటర్ తప్పు. దాన్ని పట్టుకెళ్ళి ఎవరేం చేస్తారు?"

"అలా జరగలేదు మామయ్యా."

"జరిగిందని నేనన్నానా? చెప్పమన్నాను, అంతే."

ఆమెకు ఒళ్ళు మండింది. మండదా మరి? రెండు బిల్డింగులు కలిసిపోకుండా ఉండటానికే కదా ఆమె ఇంతకాలం తల బద్దలు కొట్టుకుంది!

ఆమె బాధ్యత తీసుకున్ననాటికి ఆ కంపెనీ సమాచారం తలో దిక్కునా ఉండేది. మొగుడి కంప్యూటర్లో బిల్డింగు సొంతదారుల పేర్లతో కొంత. మెకానిక్కుల ఫోన్లలో, పెళ్ళి ఫొటోల మధ్య, మోటార్ల ఫొటోలుగా కొంత. స్టోరులో 'పచ్చగేటు', 'కుక్క కరిచిన ఇల్లు' లాంటి ముద్దుపేర్లతో కొంత. మిగిలినదంతా పెద్దాయన బుర్రలో. పళ్ళడాక్టరు బిల్డింగుకి మూడు పేర్లున్నాయి. పచ్చగేటు అనే పేరుకి మాత్రం బోలెడు బిల్డింగులు ఉన్నాయి, ఎందుకంటే ఊళ్ళో పచ్చరంగు చవకగా దొరికింది. ఒక పచ్చగేటుకి పంపిన మోటారు ఇంకో పచ్చగేటుకి చేరి, అక్కడివాళ్ళు సంతోషంగా బిగించుకున్న సందర్భం కూడా ఉంది.

ఆమె మొదట కంప్యూటర్ జోలికి పోలేదు. అందరినీ కూర్చోబెట్టి, "మనం రోజూ ఏమేం నిర్ణయించాలి? దానికి మనకి ఏం తెలియాలి?" అని అడిగింది. ఇదేం ప్రశ్న అన్నట్టు ముఖముఖాలు చూసుకున్నారు. తేలిందేమిటంటే, నిజంగా తెలియాల్సినవి కొన్నే, దాచిపెట్టుకున్నవి కొండంత. అక్కర్లేనిది పారేయించింది. ప్రతి లిఫ్టుకీ ఒక నంబరిచ్చి, రేకు మీద కొట్టించి, లోపల బిగించింది. ప్రతి సంగతికీ ఒక పూచీదారుని పెట్టింది: సొంతదారు ఫోను మారితే పెద్దకొడుకే మార్చాలి, బ్రేకు వేస్తే వేసిన మెకానిక్కే రాయాలి. ఎవరు రాస్తే వాళ్ళ పేరు పడుతుంది. పాతది చెరపడానికి వీల్లేదు. పక్కన కొత్తది రాయడమే. రోజూ సాయంత్రం అంతటికీ ఒక నకలు వేరే చోటికి వెళ్ళి భద్రంగా కూర్చుంటుంది. "అంతా ఒకే చోట, ఒకే పేరుతో ఉండాలి" అని ఆమె ఎన్నిసార్లు అందంటే, మెకానిక్కులు ఆమెకు 'ఒకేచోటమ్మ' అని పేరు పెట్టేశారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. తర్వాత ఎదురుగానే పిలవడం మొదలుపెట్టారు. ఆమె పలికింది కూడా.

అంతా అయ్యాక కింద హాల్లో పెద్ద తెర పెట్టించింది. ఒక్కో లిఫ్టుకి ఒక్కో చుక్క. చెయ్యాల్సిన పని వేళకి జరిగితే పచ్చ, గడువు దాటితే ఎరుపు. వచ్చిన ఖాతాదారులు ముందు ఆ తెర చూసి, తర్వాతే మనుషుల్ని చూసేవాళ్ళు.

ఇన్ని కట్టుబాట్లు చేసిన మనిషి ఒక్కచోట మెత్తబడింది. మామగారికి వేరే పాస్‌వర్డ్ ఇస్తానంటే ఆయన మూతి ముడుచుకున్నాడు. "మనింట్లో బీరువాకే తాళం వెయ్యం. మామాకోడళ్ళ మధ్య రహస్యాలా?" అని ఆ పూట భోజనానికి లేవలేదు. తాళాలు లేకపోవడం ఆ ఇంటివాళ్ళు పదిమందిలో గొప్పగా చెప్పుకునే సంగతి. పిలిచి పిలిచి, బతిమాలి, చివరికి ఆమె తన పాస్‌వర్డే ఆయన చెవిలో చెప్పి, భోజనం వడ్డించింది. అక్కడితో ఒకే పేరు వెనక ఇద్దరు మనుషులయ్యారు. ఊళ్ళో పచ్చగేట్లన్నిటినీ విడదీసిన మనిషికి తన ఇంట్లో తయారైన పచ్చగేటు కనపడలేదు.

"ఎవరు రాశారో నాకు తెలుసు మామయ్యా," అంది ఆమె. "చిన్నాడు మీ దగ్గర పాస్‌వర్డ్ తీసుకున్నాడు. పని చెయ్యకుండానే చేసినట్టు రాశాడు. వాణ్ణి తప్పించడానికి నన్ను ముందుకు తోస్తున్నారు. కొడుకు కొడుకే, కోడలు కోడలే. కానివ్వండి. కానీ నేను అబద్ధం చెప్పను."

పెద్దాయన ఆమెకేసి చూశాడు. కోపం వస్తుందనుకుంది. రాలేదు.

"చిన్నాడు కాదమ్మా."

"మరెవరు?"

"నేనే."

పైన అద్దంలో గోధుమరంగు బూట్లు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచాయి.

"ఆ తెర ఉంది చూశావా," అన్నాడు ఆయన. "పొద్దున్నే లోపలికి అడుగుపెట్టగానే ఎర్రచుక్కలు నా ముఖాన కొట్టేవి. నేను పెట్టిన కంపెనీ, నా గోడ, దాని మీద నేను చెయ్యలేదు చెయ్యలేదు అని రాసి పెట్టినట్టుండేది. దగ్గరికెళ్ళి చూస్తే, అది చేసిన పనే! నాకు గుర్తుంది. చేశాక రాయడం మర్చిపోయారు కుర్రవెధవలు. వాళ్ళని పిలిచి అడిగేకంటే నేనే రాస్తే పోతుందిగా అని రాశాను."

"చేసిన పనేనా?"

"చెయ్యకుండా చేశానని రాస్తానా నేను?" ఇప్పుడు వచ్చింది కోపం. "ఇన్నేళ్ళలో ఒక్క దొంగమాట రాశానా?"

"మరి పళ్ళడాక్టరు బిల్డింగులో బ్రేకు ఎందుకలా అరిగిపోయింది మామయ్యా?"

"అదే నాకూ అర్థం కావడం లేదు," అన్నాడాయన. కోపం వచ్చినంత తొందరగానే పోయింది. "నేను దగ్గరుండి వేయించాను. వాన పడుతోంది. మిషన్‌గది కప్పు కారుతోంది. నీళ్ళు మోటారు మీద పడకుండా నేను ప్లాస్టిక్ గుడ్డ పట్టుకున్నాను. పొడుగోడు పాత బ్రేకు విప్పి, ఇది ఎక్కడికెళ్ళి వచ్చిందండీ ఇంత అరిగింది అని నవ్వాడు. నా కళ్ళ ముందే ఉందమ్మా!"

ఆయన చెబుతుంటే ఆమెకూ కనిపించింది: వాన, కారే కప్పు, నవ్వుతున్న పొడుగోడు. కానీ పొడుగోణ్ణి ఆమె ఎప్పుడూ కళ్ళారా చూడలేదు. పాత ఫొటోల్లో అందరికంటే ఎత్తుగా నిలబడే మెకానిక్కు అతను. అతను కంపెనీ వదిలేసి సొంత దుకాణం పెట్టుకున్న తర్వాతే ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చింది.

మామయ్య అబద్ధమాడటం లేదు. అబద్ధమాడితే ఎంత బాగుండేది! దెబ్బలాడటానికి వీలుండేది.

"మామయ్యా," అంది చాలా మెల్లగా, "ఇంకా ఏ లిఫ్టులకు రాశారు?"

"కొన్ని రాశాను."

"ఏవేవో చెప్పండి."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. గొంతులోకి హుషారొచ్చింది. బట్టలకొట్టు లిఫ్టుకి తీగతాడు మార్చినప్పుడు కొట్టువాడు కాఫీ ఇచ్చి చక్కెర మర్చిపోయాడు. ఆసుపత్రి వెనకవైపు లిఫ్టుకి తలుపు సరిచేస్తే నర్సులంతా చప్పట్లు కొట్టారు. పుస్తకాల గోడౌనులో పని జరుగుతుంటే ముసలి కాపలాదారు నిద్రపోయి మెట్ల మీంచి జారాడు. ప్రతిదీ జరిగిందే. ఒక్కటీ కల్పన కాదు. ఎప్పుడు జరిగిందన్నది మాత్రం ఆయనకు అక్కర్లేకుండా పోయింది. అన్నీ నిన్నామొన్నటివే ఆయనకు.

ఆమె ఒక్కో పేరూ వింటూ మనసులో తెర మీద చుక్క కోసం వెతుకుతోంది. అన్నీ పచ్చగా ఉన్నాయి. పచ్చగా ఉన్నాయి కాబట్టి మెకానిక్కులు వాటి వైపు వెళ్ళరు. అలా వెళ్ళనక్కర్లేదని నేర్పింది ఆమే. అందులో ఏవి నిజంగా పచ్చవి? చాలావాటికి పని జరిగి, మెకానిక్కులు బద్ధకిస్తే, తన కట్టుబాటు తానే తప్పి, ఆమే కూర్చుని ఎక్కించింది. ఆమె రాసినవి, ఆయన రాసినవి ఒకే పేరు మీద, పాలూ నీళ్ళూ కలిసినట్టు కలిసిపోయి ఉన్నాయి. సాయంత్రం సాయంత్రం నకలు కూడా అలాగే కలిసి, భద్రంగా వెళ్ళిపోయింది.

"ఇంకా ఉన్నాయా?"

"ఉండే ఉంటాయి," అన్నాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు. కోడలి ముఖంలో ఏం కనిపించిందో గానీ, ఆయన హుషారంతా నీరుగారిపోయింది. చేతులు కట్టుకున్నాడు. విప్పాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియని వాడిలా జేబుల్లో పెట్టుకున్నాడు.

"నీకు అర్థమైపోయింది కదూ?" అన్నాడు.

ఆమె తల ఊపింది.

"మొన్న మన వీధి మలుపు దగ్గర నిలబడిపోయాను. ఎటు తిరగాలో తెలియలేదు. పక్కింటావిడ సంచీ పట్టుకుని వస్తుంటే, ఆవిడతో కబుర్లాడుతున్నట్టు నటిస్తూ ఆవిడ వెనకాలే ఇంటికొచ్చాను. ఆవిడకి తెలియదు. ఎవరికీ తెలియదు." ఆయన నేలకేసి చూస్తున్నాడు. "అందుకేనమ్మా నిన్ను లిఫ్టెక్కించింది. కంపెనీ కోసం కాదు, చిన్నాడి కోసం కాదు. రాసింది నేనని తెలిస్తే ఎందుకు రాశావంటారు. నేను చెబుతాను. పెద్దాడు నవ్వుతూ వింటాడు, ఇందాక నువ్వు చూసినట్టే చూస్తాడు. ఆ తర్వాత నేను ఏం చెప్పినా వాడు 'సరే నాన్నా' అంటాడు. ఎదురు చెప్పడు. కొడుకు ఎదురు చెప్పడం మానేశాడంటే తండ్రి పని అయిపోయినట్టే. కంప్యూటర్ తప్పని చెప్పమ్మా. ఈ ఒక్కసారికి. ఈ సంగతి కడుపులో పెట్టుకుని నా పరువు కాపాడు."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆ మనిషి ఆమెకు స్కూటరు నేర్పాడు. ఆమె తండ్రి ఆసుపత్రిలో ఉంటే వారంపాటు వరండాలోనే పడుకున్నాడు. ఆయన అడిగింది ఒక్క అబద్ధం. చెబితే ఆమె పని బూడిదలో పోసిన పన్నీరవుతుంది, ఒకేచోటమ్మ పేరు ఊళ్ళో నవ్వులపాలవుతుంది, అదైనా భరించొచ్చు. కానీ ఆ ఒక్క అబద్ధంతో ఊళ్ళో ఉన్న మిగతా పచ్చచుక్కలన్నీ పచ్చగానే ఉండిపోతాయి. బట్టలకొట్టులో, గోడౌనులో, ఆసుపత్రి వెనక. ఈ క్షణాన కూడా ఎవరో మీట నొక్కి నిలబడి ఉంటారు. నిజం చెబితే మామయ్యను తన నోటితో నలుగురి ముందూ కూల్చేయాలి. ఎటూ కదలడానికి చోటు లేదు. ఆ పెట్టెలో గాలి ఉక్కగా, నూనె వాసనతో ఉంది.

హెడ్మిస్ట్రెస్‌గారు గుర్తొచ్చారు. పరామర్శకు వెళ్తే, ఆవిడ మంచం మీంచే, "బాధ్యుల పేరు కనుక్కోమ్మా, దండించడానికి కాదు, మళ్ళీ చెయ్యకుండా" అన్నారు.

"నా తెరలో ఒక లోపం ఉంది మామయ్యా," అంది ఆమె కళ్ళు తుడుచుకుని. "పచ్చ పెట్టాను, ఎరుపు పెట్టాను. తెలియదు అనడానికి రంగు పెట్టలేదు. తెలియదని చెప్పుకునే చోటు ఎవరికీ ఇవ్వలేదు. మీకూ ఇవ్వలేదు."

"అంటే?"

"ఇవాళ అన్నిటినీ తెలియదు అని మారుద్దాం. ఒక్కటి కూడా వదలకుండా. చూసేదాకా ఏ లిఫ్టూ నడవదు. మెకానిక్కులు ఒక్కోదాని దగ్గరికీ వెళ్ళి, చూసి, వాళ్ళ పేరుతో వాళ్ళే రాస్తారు."

"ఊళ్ళో లిఫ్టులన్నీ ఆపేస్తావా! జనం మనల్ని తిట్టిపోస్తారు. ఒక్క ఖాతాదారు మిగలడు."

"తిట్టనివ్వండి. మెట్లెక్కుతూ తిడతారు. ఎక్కగలరు కాబట్టి తిడతారు."

పెద్దాయన పెదవి చివర్న నవ్వులాంటిదేదో కదిలింది. "మీ అత్తయ్య లాగా మాట్లాడుతున్నావు."

"పాస్‌వర్డ్ మీకు ఇచ్చింది నేనని చెబుతాను. అది నిజం. మీరేం చెబుతారో అది మీ ఇష్టం. కానీ ఒంటరిగా చెప్పొద్దు. నేను పక్కనే కూర్చుంటాను. మీ అబ్బాయి 'సరే నాన్నా' అంటే ఇంటికొచ్చాక నేను చూసుకుంటాను."

పైన బూట్లు నడుస్తూనే ఉన్నాయి. ఎక్కడో కుర్చీ జరిపిన చప్పుడు. తనిఖీ అధికారికి ఓపిక అయిపోతున్నట్టుంది.

"సరే," అన్నాడు చివరికి. ఆ ఒక్క మాటతో ఆయన భుజాలు దిగిపోయాయి, బరువు దించినట్టు. "నేనే చెబుతాను. పద."

ఆమెకు ఎంత తేలికైందంటే, చిన్నపిల్లలా నవ్వేసింది. అటు తిరిగితే మీటల పైన రేకు కనిపించింది. ఒకటో నంబరు. ఆమె మొట్టమొదట బిగించిన రేకు అది. తెర మీద మొట్టమొదటి చుక్క ఈ లిఫ్టుదే. వచ్చిన ప్రతి ఖాతాదారుకీ దాన్నే వేలు పెట్టి చూపించేది.

"ఒకటో నంబరుతోనే మొదలుపెడదాం మామయ్యా," అంది, ఆయన్ని నవ్వించాలని. "మనదీ తెలియదనే పెడదాం. మనకి మాత్రం మినహాయింపేమిటి?"

ఆయన నిజంగానే నవ్వాడు. తాళంచెవి మీద చెయ్యి వేశాడు. "దీనికెందుకమ్మా అనుమానం! మిగతావాటి సంగతేమో గానీ, దీనికి కిందటి నెల నా చేతుల్తో నేనే బ్రేకు వేశాను. నేనే రాశాను కూడా. పైన మిషన్‌గదిలో కరెంటు లేదు. మీ అత్తయ్యే టార్చిలైటు పట్టుకుంది. చెయ్యి లాగేస్తోందయ్యా, తొందరగా కానివ్వు అని ఒకటే గొడవ…"

ఆమె నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

అత్తయ్య పోయి మూడేళ్ళు. పోయేముందు చాలాకాలం మంచంలోనే ఉంది. అంతకుముందు ఎప్పుడో, కరెంటు లేని ఏ రోజునో, ఆ టార్చిలైటు వెలిగింది. అప్పట్నుంచీ ఈ లిఫ్టు వర్క్‌షాపు సామాను మోసింది, ఖాతాదారుల్ని మోసింది, తిట్లు తినేవాళ్ళని మోసింది. ఇప్పుడు వాళ్ళిద్దరినీ రెండు అంతస్తుల మధ్య పట్టుకుని నిలబడింది ఆ బ్రేకే.

"తిప్పకండి మామయ్యా!" ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఏమైందమ్మా?"

"కదలకండి. చెయ్యి అలాగే ఉంచండి. టార్చిలైటు పట్టుకుంది అత్తయ్యన్నారు… అత్తయ్య…" మాటలు తడబడ్డాయి.

ఆయన కళ్ళు ఆమె ముఖం మీద నిలిచాయి. మెల్లమెల్లగా ఆ కళ్ళలోకి ఏదో వచ్చింది. టార్చిలైటు పట్టుకున్న చెయ్యి ఇప్పుడు లేదన్న సంగతి ఆయనకు రెండోసారి తెలిసింది.

"ఆవిడ లేదు కదూ," అన్నాడు.

అప్పుడు పైన ఎక్కడో ఇనుము మీద ఇనుము గీసుకున్న చప్పుడైంది. పెద్దదేం కాదు. గిన్నె అడుగు గీకినంత. అద్దంలో ఆమె కళ్ళకు ఎదురుగా ఉన్న నాలుగో అంతస్తు పట్టీ నుదుటి ఎత్తుకి వెళ్ళింది. సన్నబడింది.

ఆమె చెయ్యి చాచి ఆపదగంట నొక్కింది. నొక్కి పట్టుకుంది. గంట బిల్డింగంతా మార్మోగింది.

పైన గోధుమరంగు బూట్లు ఆగాయి. తలుపు వైపు ఒక అడుగు వేశాయి. వాటి పక్కనే నల్లబూట్లు, తనిఖీ అధికారివి, వచ్చి నిలబడ్డాయి. మొగుడు ఆయనతో ఏదో అంటున్నాడు. అద్దాల అవతల మాట వినపడటం లేదు. వినపడనక్కర్లేదు కూడా. ఆ గంట మోగినప్పుడు ఆ ఇంట్లో ఎవరైనా అనేది ఒక్కటే మాట: నాన్నగారు లోపల మాట్లాడుతున్నారు, అయ్యాక వాళ్ళే వస్తారు.

ఆమె గంట వదల్లేదు. గోధుమరంగు బూట్లు వెనక్కి తిరిగాయి. నల్లబూట్లను మర్యాదగా గదివైపు తీసుకెళ్ళిపోయాయి.

ఇనుము మళ్ళీ గీసుకుంది. అద్దంలో ఇక గోడ తప్ప ఏమీ లేదు.